అప్‌డేట్: కొట్టడు కానీ చెల్లి ఫోన్, జీతం అన్నీ భర్త చేతిలోనే – చివరికి ఏమైందంటే

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. ఆంధ్రాలోని పాతపట్నం ఇచ్చిన మా చెల్లి మీద భర్త ఎప్పుడూ చెయ్యెత్తలేదు. కానీ ఏటీఎం కార్డు ఆయన దగ్గరే, మెసేజులన్నీ చదువుతాడు, మాతో స్పీకర్ పెట్టే మాట్లాడాలి. దీన్ని హింస అంటారా అన్నాను.

అంటారట. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయమన్నవాళ్లకు దండాలు, పనిచేసింది అదే. హెల్ప్‌లైన్ వాళ్లు సఖి కేంద్రానికి (హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) పంపారు. అక్కడి మేడమ్ దెబ్బల సంగతి చివర్న అడిగారు. ముందు అడిగింది, "ఆయన బండి చప్పుడు వినగానే నీకేమవుతుంది?" అని. చెల్లి భోరుమంది. భయంతో మాట మింగడం, పుట్టింటికి రానివ్వకపోవడం, "వెళ్తే చచ్చిపోతా" అని బెదిరించి మర్నాడు చీర కొనివ్వడం, ఇవన్నీ కలిపి చూడాలన్నారు. 2005 గృహహింస చట్టంలో మాటలతో, మానసికంగా, డబ్బుపరంగా పెట్టే బాధ కూడా హింసేనట.

ఆంధ్రాలోనే కేసు వేయాలా అని ఇక్కడ పెద్ద వాదన జరిగింది కదా, అక్కర్లేకపోయింది. ఆ చట్టంలోని సెక్షన్ 27 ప్రకారం ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోటా వేయొచ్చు, ఆర్డరు దేశమంతా చెల్లుతుంది. చెల్లికి ఒడియా సరిగా రాకపోవడమూ అడ్డు కాలేదు. పెద్దమనుషుల్లో పెట్టడం మాత్రం మేడమ్ వద్దన్నారు, ఆయన ఎదురుగా ఆమె నోరు విప్పదని. నిజమే, మా పెద్దమనుషుల్ని నేనెరుగుదును.

ప్రొటెక్షన్ ఆఫీసరు (ఈ చట్టం కింద బాధితులకు సాయం చేసే అధికారి) రిపోర్టు రాశారు, మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇచ్చారు. చెల్లి మా ఇంటి నుంచే బడిలో ఉద్యోగానికి వెళ్తోంది, జీతం కొత్త ఖాతాలో పడుతోంది. విడాకుల మాట ఇంకా తేల్చుకోలేదు, మేమూ తొందరపెట్టట్లేదు.