అప్‌డేట్: సైకిల్‌కి ఏవి పనికొచ్చాయంటే

హన్మకొండ నుంచి కాజీపేటకు రోజూ సైకిల్ మీద వెళ్లడానికి ఏ సామాను కొనాలని వానాకాలం ముందు అడిగాను కదా. మూడు నెలలైంది, చెప్తున్నాను.

అన్నిటికంటే పనికొచ్చింది వెనక మడ్‌గార్డ్. వీపు మీద బురద పడటం ఆగింది. తర్వాత వెనక ఎర్ర లైటు. చీకటి పడ్డాక బండ్లు దూరం నుంచే చూసి పక్కకు జరుగుతున్నాయి. భద్రకాళి చెరువు కట్ట దగ్గర తుమ్మ ముల్లు గుచ్చుకున్న రోజు పంక్చర్ కిట్టే ఇంటికి చేర్చింది. కిట్ కొనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: ముందుగా టైరు లోపల జాగ్రత్తగా తడిమి ముల్లు తీసేయాలి. అది అలాగే ఉంటే ప్యాచ్ వేసినా మళ్లీ గాలి పోతుంది. నాకు అలాగే జరిగింది.

జెల్ సీటు కవరు మాత్రం దండగ, తొక్కుతుంటే పక్కకు జరుగుతుంది. సీటు కాస్త ఎత్తు పెంచమన్న అన్నకు చాలా థ్యాంక్స్. పైసా ఖర్చు లేకుండా మోకాలి నొప్పి తగ్గింది.