మూతి పేలితే క్రీమా, మాత్రలా?

ఏడాదికి మూడు నాలుగుసార్లు నాకు కింది పెదవి ఎడమ మూల చిమచిమలాడుతుంది. తెల్లారేసరికి అక్కడే నీటిపొక్కులు గుత్తిగా లేస్తాయి. అసైక్లోవిర్ క్రీమ్ రోజుకు ఐదుసార్లు రాసినా తేడా లేదు. ఇంట్లో నెలల పాప ఉంది, భయంగా ఉంది. మాత్రలకు మారనా?

జవాబు: పొక్కు లేచాక రాస్తే క్రీమ్ పెద్దగా పనిచేయదండి, చిమచిమ మొదలవగానే రాయాలి. నాకు డాక్టర్ వాలసైక్లోవిర్ మాత్రలు రాశారు: 2 గ్రాములు, 12 గంటలకు మరో 2 గ్రాములు, అంతే. కిడ్నీ సమస్యుంటే మోతాదు మారుతుంది, ముందే చెప్పండి.

జవాబు: ముందు పాప సంగతి చూడండి. ఈ పొక్కులు హెర్పిస్ అనే వైరస్ వల్ల వస్తాయి, పసికందులకు అది ప్రాణాంతకం కావచ్చు. చెక్కు పూర్తిగా రాలి మానేదాకా ముద్దు పెట్టొద్దు. మందు రాసిన వేలు వెంటనే సబ్బుతో కడగండి.

అడిగినవారు: నిన్న కూడా నుదుటిమీద ముద్దు పెట్టానండి! ఈరోజే పిల్లల డాక్టర్‌కి చూపిస్తాను.