సిడ్నీ ఒలింపిక్ జ్యోతి ఉలూరు నుంచే ఎందుకు బయలుదేరింది?

ప్రశ్న:
మన కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచిన 2000 సిడ్నీ క్రీడల గురించి చదువుతుండగా ఒక సందేహం కలిగింది. గ్రీసులోని ఒలింపియాలో వెలిగించిన జ్యోతి ఆస్ట్రేలియాలో తొలుత చేరింది ఏ మహానగరానికో కాదు, దేశం నడిబొడ్డున ఎడారిలో ఉన్న ఉలూరు శిల వద్దకు. అక్కడి నుంచే ఎందుకు ప్రారంభించారు? పైగా రైళ్లలో, విమానాల్లో, చివరికి సముద్రగర్భంలో కూడా సాగిన జ్యోతి ఆరిపోకుండా ఎలా కాపాడారు? తెలిసినవారు వివరించగలరని మనవి.

జవాబు 1:
ఉలూరు అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు పవిత్ర స్థలం. 1985లో ప్రభుత్వం ఆ భూమిపై హక్కును వారికి తిరిగి అప్పగించింది. 2000 జూన్ 8న అక్కడ కాగడా అందుకుని తొలి పరుగు తీసిన నోవా పెరిస్, ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మొదటి ఆదివాసీ ఆస్ట్రేలియన్. ఆ నేల మీద గౌరవంతో ఆమె పాదరక్షలు లేకుండా, కూతురిని వెంటబెట్టుకుని పరుగెత్తింది. అంతకు పదకొండు రోజుల ముందే, ఆదివాసులతో సయోధ్య కోరుతూ సుమారు రెండున్నర లక్షల మంది సిడ్నీ హార్బర్ వంతెన మీద నడిచారు. ఆ సమయంలో ఇంతకన్నా తగిన ఆరంభస్థానం మరొకటి లేదని నా దృఢాభిప్రాయం.

జవాబు 2:
రెండో ప్రశ్నకు సమాధానం చెబుతాను. దాదాపు 11,000 మంది మోసిన కాగడా ఒక్కటే కాదు. ఎవరి కాగడా వారిదే, అందులోని గ్యాసూ వేరే, చేతులు మారేది మంట మాత్రమే. ఒలింపియాలో పుట్టిన మూలజ్యోతి గని కార్మికుల దీపాల వంటి మూసిన లాంతర్లలో వెంటే ప్రయాణిస్తుంది కనుక, గాలికో వానకో కాగడా ఆరినా మళ్లీ దాని నుంచే వెలిగిస్తారు. గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల దగ్గర మాత్రం నీటి అడుగున గ్యాసు కాగడా పనికిరాదు కాబట్టి, దహనానికి కావలసిన ఆక్సిజన్‌ను తన మిశ్రమంలోనే ఇముడ్చుకున్న ప్రత్యేక కాగడాను సిద్ధం చేశారు. సముద్రజీవ శాస్త్రవేత్త వెండీ క్రెయిగ్ డంకన్ దానితో దాదాపు మూడు నిమిషాలు నీటి అడుగున ఈదింది. చుట్టూ ఉబికే బుడగల మధ్య ఆ మంట మండుతూనే ఉంది.

జవాబు 3:
మొదటి జవాబుకు కొనసాగింపుగా ఒక మాట. ఒలింపిక్స్‌లో మహిళలు పాల్గొనడం మొదలై నూరేళ్లయిన సందర్భంగా, సెప్టెంబరు 15న సిడ్నీ స్టేడియంలో జరిగిన ప్రారంభోత్సవంలో చివరి అంచెలన్నీ క్రీడాకారిణులకే అప్పగించారు. వీల్‌చైర్‌లో ఉన్న బెట్టీ కత్బర్ట్‌ను రేలీన్ బాయిల్ ముందుకు నడిపించింది. తుదకు జ్యోతిని వెలిగించిన కాథీ ఫ్రీమన్ కూడా ఆదివాసీ మహిళే. పది రోజుల తరువాత అదే స్టేడియంలో ఆమె 400 మీటర్ల పరుగులో స్వర్ణం గెలిచి, ఆస్ట్రేలియా జెండాతో పాటు ఆదివాసుల జెండానూ పట్టుకుని మైదానం చుట్టి వచ్చింది.