హెచ్1బి మీద ఉండగా ఉద్యోగం పోతే నిరుద్యోగ భృతికి, అంటే అన్‌ఎంప్లాయ్‌మెంట్‌కి అప్లై చేయాలా, వద్దా?

శాన్‌హోసే వాసి:
పోయిన నెలాఖరున లేఆఫ్ చేశారు. కాలిఫోర్నియాలో ఉంటున్నాం. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది గానీ, క్యూలో నా వంతు చెప్పే ప్రయారిటీ డేట్ ఇప్పట్లో వచ్చేలా లేదు. నాతోపాటే ఉద్యోగం పోయిన అమెరికన్ సహోద్యోగి వెంటనే ఈడీడీలో (ఈ భృతి ఇచ్చే రాష్ట్ర శాఖ) క్లెయిమ్ వేశాడు, నన్నూ వేయమంటున్నాడు. మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగితే మాత్రం "దాని జోలికి పోకు, గ్రీన్‌కార్డుకి ఎసరొస్తుంది" అన్నారు. ఇన్నేళ్ళూ జీతంలోంచి సీఏఎస్‌డీఐ పేరుతో కోశారు కదా, అది మన డబ్బే కదా?

ఇర్వింగ్ మావయ్య:
వద్దు తమ్ముడూ. మనం ఒక కంపెనీ పని మీద వచ్చినవాళ్ళం. ఆ పని పోయాక 60 రోజులు ఉండనిస్తున్నారు, అదీ 2017లో రూల్ వచ్చాకే. ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) గడువు ముందే అయిపోతే అన్ని రోజులూ ఉండవు. ఆ కాస్త సమయాన్నీ ఇంటర్వ్యూల మీద పెట్టు. మీ రాష్ట్రంలో ఎంత ఎక్కువ వచ్చినా వారానికి 450 డాలర్లు. బే ఏరియా అద్దెలో అదో మూల. దానికోసం ప్రభుత్వం రికార్డులో లేనిపోని ప్రశ్నకి చోటివ్వడం ఎందుకు?

ఎడిసన్ అక్క:
మావయ్యగారూ, ఇలాంటి సలహాల వల్లే హక్కున్నవాళ్ళు కూడా అప్లై చేయకుండా ఊరుకుంటున్నారు. నాకు బాధేస్తుంది.

తమ్ముడూ, ముందు ఒకటి సరిచేసుకో. సీఏఎస్‌డీఐ నిరుద్యోగానికి సంబంధించింది కాదు. జబ్బు చేసినప్పుడు, పురుడప్పుడు ఇచ్చే డబ్బు కోసం ఆ కోత. కాలిఫోర్నియాలో అన్‌ఎంప్లాయ్‌మెంట్ పన్ను మొత్తం కంపెనీయే కడుతుంది, ఏడాదికి ఒక్కో ఉద్యోగి జీతంలో మొదటి 7,000 డాలర్ల మీద. ఉద్యోగి జీతంలోంచి కూడా కోసేవి అలాస్కా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా మాత్రమే. మా న్యూజెర్సీలో అది 0.3825 శాతం, పేస్టబ్‌లో కనిపిస్తుంది. ఎవరు కట్టినా మన పని పేరు మీద కట్టిన బీమాయే. దానం కాదు.

ఇక గ్రీన్‌కార్డు భయం. గ్రీన్‌కార్డు అడిగినవాడు ప్రభుత్వం మీద ఆధారపడతాడా అని చూసే పబ్లిక్ చార్జ్ లెక్కలోకి అన్‌ఎంప్లాయ్‌మెంట్ రాదు. 2022 రూల్‌లోనూ రాదు, ఎంతో కఠినమని పేరుపడ్డ 2019 రూల్‌లోనూ రాలేదు.

ఇర్వింగ్ మావయ్య:
పబ్లిక్ చార్జ్ సంగతి ఒప్పుకుంటానమ్మా. నా అభ్యంతరం అక్కడ కాదు. క్లెయిమ్ బతికి ఉండాలంటే "పని చేయగలను, వెంటనే చేరగలను" అని మాటిమాటికీ సర్టిఫై చేయాలి. హెచ్1బి వాడు రేపు పిలిచిన ఏ షాపులోనో చేరగలడా? కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి. కొన్నిచోట్ల అధికారులు ఈ కారణంగానే కాదంటారు. అలాంటప్పుడు ఆ పెట్టెలో టిక్ ఎలా పెడతాడు?

ఫ్రిమాంట్ నుంచి:
అసలు ప్రశ్న ఇదే. మావయ్యగారు చెప్పిన ఇబ్బంది నిజమే. కానీ ఆ 60 రోజుల గ్రేస్ పీరియడ్‌లో కొత్త కంపెనీ పిటిషన్ అందిన రోజునుంచే పనిలో చేరవచ్చు. కాబట్టి చేరే దారి అసలే లేదనలేం. క్లెయిమ్‌లో వీసా సంగతి అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు రాయండి. అర్హత ఉందో లేదో వాళ్ళు తేలుస్తారు, కాదంటే నోటీసు పంపిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. నిజం చెప్పి తిరస్కరణకు గురైనవాడు తప్పు చేసినట్టు కాదు. అబద్ధం చెప్పి తీసుకుంటే మాత్రం తీసుకున్నదంతా తిరిగి కట్టడమే కాక, మీద 30 శాతం పెనాల్టీ.

ఒక్క చోట మాత్రం నేను గట్టిగా వద్దంటాను. 60 రోజులు అయిపోవస్తున్నాయని చాలామంది స్టేటస్ మార్పు దరఖాస్తు ఐ-539 వేసి విజిటర్ స్టేటస్ బి2కి మారతారు. అది వేశాక సర్టిఫై చేయడం ఆపేయాలి. విజిటర్‌గా ఉంటానని ఒక ఆఫీసుకీ, పనికి సిద్ధంగా ఉన్నానని ఇంకో ఆఫీసుకీ రాసివ్వకూడదు. నా దృష్టిలో అసలు ప్రమాదం అక్కడుంది, క్లెయిమ్ వేయడంలో లేదు. క్లెయిమ్ నడుస్తోంది కదా అని గ్రేస్ పీరియడ్ పెరుగుతుందనీ అనుకోవద్దు. ఒక్కరోజు కూడా పెరగదు.

ఎడిసన్ అక్క:
బి2 మాట బాగా చెప్పారు. ఇంకొకటి, హెచ్4 ఈఏడీ (హెచ్1బి వాళ్ళ భార్య/భర్తకిచ్చే పని అనుమతి కార్డు) మీద పనిచేసే ఆడవాళ్ళు ఈ గొడవ చూసి తమకీ రాదనుకుంటున్నారు. వాళ్ళు ఏ కంపెనీలోనైనా చేరవచ్చు, ఈ "అందుబాటు" చిక్కు వాళ్ళకి లేదు. భర్త హెచ్1బి నిలిచి, కార్డు గడువు ఉన్నంతకాలం నిక్షేపంగా అప్లై చేయొచ్చు. ఓపీటీ (చదువుకున్న విద్యార్థులకిచ్చే పని అనుమతి) పిల్లల సంగతి వేరు, చాలామంది జీతాల మీద అన్‌ఎంప్లాయ్‌మెంట్ పన్నే కట్టరు.

ఇర్వింగ్ మావయ్య:
హెచ్4 ఈఏడీ వాళ్ళని నేనూ ఆపను. ఈ తమ్ముడికి మాత్రం నా మాట అదే. వేసేదే అయితే, వచ్చిన డబ్బు ముట్టకుండా విడిగా పెట్టుకో. ముందు ఇచ్చి, తర్వాత అర్హత లేదని తేలిస్తే అంతా వెనక్కి అడుగుతారు. అప్పటికి ఇండియా టికెట్లు కొనాల్సి వస్తే చేతిలో ఉండాలి. ఫెడరల్ ట్యాక్స్ కూడా పడుతుంది దానిమీద, ఆ లెక్క చూపే 1099-జి ఫారం పంపుతారు.