అక్టోబర్ 1 దాకా ఆగితే 75 లక్షల డాలర్లు మిగిలేవి: అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్ కోచ్‌ని ఎప్పుడు తీసేయాలి?

లింకన్_రెడ్:
నెబ్రాస్కా యూనివర్సిటీ పాత కోచ్ స్కాట్ ఫ్రాస్ట్ మాట ఎవరెత్తినా ఇక్కడ "తీసేయాల్సిందే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. తీసేయాలా వద్దా అన్నది పక్కన పెట్టి, ఏ రోజు తీసేశారో చూద్దాం. 2022 సెప్టెంబర్ 10న సొంత స్టేడియంలో జార్జియా సదరన్ చేతిలో నెబ్రాస్కా 45-42తో ఓడింది. తెల్లారి ఆదివారం యూనివర్సిటీ ఆటల విభాగం నడిపే అథ్లెటిక్ డైరెక్టర్ ట్రెవ్ ఆల్బర్ట్స్ ఫ్రాస్ట్‌ని ఇంటికి పంపారు. గడువు తీరకముందే పంపిస్తే కోచ్‌కి కట్టాల్సిన సొమ్ము, అదే బయ్‌అవుట్, ఆ రోజుకి కోటిన్నర డాలర్లు. అక్టోబర్ 1న అది 75 లక్షలకి దిగేది. ఇరవై రోజులు. అంటే రోజుకి 3,75,000 డాలర్లు. అంత పెట్టి ఏం కొన్నారు?

ట్వెల్త్‌మ్యాన్_వంశీ:
లింకన్ గారూ, షెడ్యూల్ ముందు పెట్టుకుని మాట్లాడండి. సెప్టెంబర్ 17న ఓక్లహోమా, 24న ఖాళీ వారం, అక్టోబర్ 1న ఇండియానా. ఓక్లహోమా చేతిలో 49-14తో ఓడగానే తాత్కాలిక కోచ్ మికీ జోసెఫ్ డిఫెన్స్ కోఆర్డినేటర్ చినాండర్‌ని తప్పించాడు. ఖాళీ వారం ఉంది కాబట్టి కొత్త డిఫెన్స్ సర్దుకోవడానికి రెండు వారాలు దొరికాయి. ఇండియానా మీద 35-21తో గెలిచారు. మీరన్నట్టు ఆగితే ఆ ఖాళీ వారం మొత్తం వృథా. పోయేవాడని ఊరంతా ఎరిగిన కోచ్ మాట ఆటగాళ్లు వినరు. అసిస్టెంట్లు పగలు ప్రాక్టీస్‌లో ఉండి రాత్రి వేరే ఉద్యోగాలకి ఫోన్లు చేస్తుంటారు.

లింకన్_రెడ్:
ఆ సీజన్ 4-8తో, అంటే నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములతో ముగిసింది. ఇండియానా మీద ఒక్క గెలుపు ఖరీదు 75 లక్షలా? నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు.

హూజియర్_కిట్టు:
ఆ ఇండియానా ఇప్పుడెక్కడుందో కూడా చెప్పండి అన్నా 🙂

ఒప్పందాల_శర్మ:
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. ఆ అక్టోబర్ 1 తేదీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. 2021లో నెబ్రాస్కా 3-9. ఆ తొమ్మిది ఓటములూ పది పాయింట్ల లోపు తేడాతోనే. అందుకని ఆల్బర్ట్స్ ఫ్రాస్ట్‌ని ఉంచి, జీతం 50 లక్షల నుంచి 40 లక్షలకి తగ్గించి, బయ్‌అవుట్‌కి ఈ తేదీ పెట్టించారు. అఫెన్స్ వైపు నలుగురు అసిస్టెంట్లని మార్చారు. ఇదే పని మిషిగన్ 2021 జనవరిలో చేసింది: 2020లో 2-4 ఆడిన జిమ్ హార్బాని తీసేయకుండా జీతం సుమారు సగానికి తగ్గించి, బయ్‌అవుట్‌ని 40 లక్షలకి కుదించి, ఏడాదికి పది లక్షల చొప్పున కరిగేలా రాసుకుంది. 2023లో జాతీయ టైటిల్ గెలిచాడు. కోచ్ మెడ మీద కత్తి ఉన్నప్పుడే అలాంటి సంతకం పెట్టించగలం. గెలుస్తున్నప్పుడు కత్తి అవతలి చేతిలో ఉంటుంది.

ఆ రెండో రకానికి ఉదాహరణ వంశీ గారి టెక్సస్ ఏ అండ్ ఎం. జింబో ఫిషర్‌కి 2017లో పదేళ్లు, 7.5 కోట్లు, మొత్తం గ్యారంటీ. 2020లో బాగా ఆడాక 2021లో దాన్ని పెంచి పొడిగించారు. 2023 నవంబర్ 12న తీసేసినప్పుడు బయ్‌అవుట్ 7.6 కోట్లకి పైన తేలింది. అందులో సుమారు 1.9 కోట్లు అరవై రోజుల్లో, మిగతాది 2031 దాకా ఏటా 72 లక్షల చొప్పున. ఇంతకన్నా ముఖ్యం, ఆ ఒప్పందంలో ఆఫ్‌సెట్ షరతు లేదు. అంటే ఫిషర్ ఇంకో చోట చేరి జీతం తీసుకున్నా ఇక్కడ కట్టాల్సినది ఒక్క డాలర్ కూడా తగ్గదు.

ఆ షరతు ఉంటే ఎంత తేడానో పెన్ స్టేట్‌ని చూడండి. 2025 అక్టోబర్ 12న జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేసిన రోజు లెక్క దాదాపు 4.9 కోట్లు. నవంబర్‌లో ఆయన వర్జీనియా టెక్‌కి వెళ్లాడు, బాకీ 90 లక్షలకి తెగింది.

ట్వెల్త్‌మ్యాన్_వంశీ:
శర్మ గారూ, ఆ సంతకం తప్పని నేనూ ఒప్పుకుంటా. కానీ ఫిషర్ 45-25. ఆ డబ్బు పోయిందని ఏడుస్తూ ఇంకో నాలుగేళ్లు అదే ఆట చూడాలా? డ్యూక్ నుంచి మైక్ ఎల్కోని ఆరేళ్లకి 4.2 కోట్లకి తెచ్చారు. 2024లో 8-5. 2025 రెగ్యులర్ సీజన్ 11-1, ఆపైన జాతీయ టైటిల్ ప్లేఆఫ్‌లో చోటు. తీసేసినందుకు ఫలితం కళ్లముందుంది.

వాణి_ఆబర్న్:
మా ఫలితమూ కళ్లముందే ఉంది. ఆబర్న్‌లో గస్ మల్జాన్‌కి ఎనిమిదేళ్లలో ఓటములెక్కువైన సీజన్ ఒక్కటీ లేదు. 2020 డిసెంబర్‌లో 2.14 కోట్లు కట్టి పంపారు, అందులో సగం ముప్పై రోజుల్లోనే. తర్వాత హార్సిన్ 9-12, మళ్లీ బయ్‌అవుట్. తర్వాత ఫ్రీజ్ 15-19, మళ్లీ బయ్‌అవుట్. 2021 నుంచి 2025 దాకా ఐదు సీజన్లూ గెలుపుల కంటే ఓటములే ఎక్కువ.

రాకీటాప్:
టెనెసీ కూడా. ఫుల్మర్‌ని 2008లో పంపాక కిఫిన్ ఒక్క ఏడాది ఉండి వెళ్లిపోయాడు, డూలీ 15-21, ఆ తర్వాత జోన్స్, ప్రూయిట్. 2022లో హూపెల్ 11-2 ఆడేదాకా పద్నాలుగేళ్లు.

క్యాంపస్_2016:
ఈ కోట్లన్నీ దాతలవే అంటారు. నేను పీజీ చేసిన యూనివర్సిటీలో (పేరు వద్దు) ప్రతి సెమిస్టర్ ఫీజు రసీదులో అథ్లెటిక్స్ ఫీజు అని ఒక వరుస ఉండేది. ఒక్క గేమ్‌కి వెళ్లకపోయినా కట్టాల్సిందే. దీని మీద ఎవరూ మాట్లాడరేం?

ఒప్పందాల_శర్మ:
కాలేజీని బట్టి మారుతుందండీ. పెద్ద కాన్ఫరెన్సుల్లో, అంటే కాలేజీల లీగుల్లో, టీవీ డబ్బు, విరాళాలే ఎక్కువ. చిన్నవాటిలో విద్యార్థి ఫీజు పెద్ద వాటా. అయితే 2025 జూలై 1 నుంచి లెక్క మారింది. ఆటగాళ్ల డబ్బు మీద కోర్టులో నడిచిన హౌస్ కేసు రాజీ ప్రకారం ఒక్కో కాలేజీ ఆటగాళ్లకి నేరుగా డబ్బివ్వొచ్చు, తొలి ఏడాదికి 2.05 కోట్ల డాలర్ల దాకా. బయ్‌అవుట్ డబ్బు, ఆటగాళ్ల డబ్బు అడిగేది అదే దాతల్ని.

లింకన్_రెడ్:
సరే, అక్టోబర్ 1కి వద్దాం. కాలేజీ జట్టులో చేరతానని సెప్టెంబర్‌లో ఏ హైస్కూల్ కుర్రాడూ సంతకం పెట్టడు, సంతకాలు డిసెంబర్‌లో. కాబట్టి రిక్రూట్లు పోతారన్న సాకు చెల్లదు.

ట్వెల్త్‌మ్యాన్_వంశీ:
సాకా? పెన్ స్టేట్ అక్టోబర్ 12న తీసేసి మ్యాట్ క్యాంప్‌బెల్‌ని తెచ్చుకునేసరికి డిసెంబర్ 5 అయింది. సంతకాలు డిసెంబర్ 3న మొదలయ్యాయి. ఆ రోజు వాళ్లకి సంతకం పెట్టింది ఇద్దరే. మాటిచ్చిన కుర్రాళ్లలో చాలామంది ఫ్రాంక్లిన్ వెంట వర్జీనియా టెక్‌కి నడిచారు. రెండో వైపు పోర్టల్. ఇదివరకు కోచ్ పోయిన మర్నాటి నుంచి ముప్పై రోజులు ఆటగాళ్లు వేరే కాలేజీకి పోయేందుకు తలుపు తెరిచేవారు. ఇప్పుడు కొత్త కోచ్‌ని ప్రకటించిన ఐదు రోజులకి మొదలై పదిహేను రోజులు. ముందే తీసేస్తే వెతకడానికి టైం ఉంటుందనే కదా సెప్టెంబర్‌లో తీసేస్తారు!

లింకన్_రెడ్:
మీ ఉదాహరణే మిమ్మల్ని ఓడిస్తోంది. అక్టోబర్ 12న తీసేస్తే టైం దొరికింది కదా? యాభై నాలుగు రోజులు పట్టింది. ముందు తీసేయడం వల్ల ఒరిగిందేంటి?

ట్వెల్త్‌మ్యాన్_వంశీ:
మీతో ఇదే ఇబ్బంది. ఏ మాటన్నా ఆ ఇరవై రోజుల గుంజకే కట్టేస్తారు. అసలు మీ బాధ ఫ్రాస్ట్ కాదు. 9-3 వస్తే చాలు, కోచ్‌ని కదిలించొద్దు అంటారు మీ నెబ్రాస్కా వాళ్లు. టైటిల్ కోసం తెగించలేని కాలేజీకి ఆ స్టేడియం ఎందుకు?

లింకన్_రెడ్:
9-3ని చులకన చేసి మాట్లాడకు వంశీ. అది ఎంత కష్టమో అది పోయినవాళ్లకే తెలుసు. అవును, నా బాధ ఫ్రాస్ట్ కాదు. ఫ్రాంక్ సోలిచ్. నెబ్రాస్కా కోచ్‌గా 58-19. 2003 నవంబర్ 28న కొలరాడో మీద గెలిచి 9-3కి చేరాడు, తెల్లారి తీసేశారు. ప్రోగ్రామ్ సామాన్యంగా దిగజారిపోవడం చూస్తూ ఊరుకోనన్నాడు అప్పటి డైరెక్టర్ స్టీవ్ పెడర్సన్. 1969 నుంచి వరుసగా 35 ఏళ్లు బౌల్ (సీజన్ అయ్యాక ఎంపికైన జట్లు ఆడే గేమ్) ఆడిన జట్టు మరుసటి ఏడాది 5-6. 1961 తర్వాత ఓటములెక్కువైన సీజన్ అదే మొదటిది. ఆ గుంట ఇంకా పూడలేదు. ఫ్రాస్ట్‌కి కట్టిన కోటిన్నర ఆ బాకీలో ఒక వాయిదా.

మోడరేటర్:
ఏకవచనం వద్దు. ఇద్దరూ కాస్త తగ్గండి.

లింకన్_రెడ్:
క్షమించండి వంశీ గారూ. కానీ మాట మార్చను. ముగ్గురు పొలిటికల్ సైన్స్ పరిశోధకులు 1997 నుంచి 2010 దాకా కోచ్ మార్పులన్నీ లెక్కగట్టి 2013లో ప్రచురించారు. బాగా పడిపోయిన జట్లకి కోచ్‌ని మార్చినా పెద్దగా తేడా రాలేదు. మధ్యరకం జట్లయితే, మార్చినవి మార్చని వాటికంటే దిగజారాయి. అట్టడుగున ఉన్నవాడికి పోయేదేం లేదు. తొమ్మిది గెలిచేవాడికి పోగొట్టుకోవడానికి తొమ్మిది ఉన్నాయి.

ట్వెల్త్‌మ్యాన్_వంశీ:
పర్లేదండీ, నేనూ స్టేడియం మాట అనకుండా ఉండాల్సింది. సగటు లెక్క నాకు చెప్పొద్దు, జార్జియాని చూడండి. మార్క్ రిక్ట్ పదిహేనేళ్లలో 145 గెలిచాడు. 2015లో 9-3. నవంబర్ 29న తీసేశారు. సోలిచ్‌ది కూడా నవంబర్ 29నే, అదీ 9-3నే. జార్జియా కిర్బీ స్మార్ట్‌ని డిసెంబర్ 6న ప్రకటించింది, ఏడు రోజుల్లో. అక్కడే చదివి ఆడినవాడు, అలబామాలో హెడ్ కోచ్ సేబన్ దగ్గర డిఫెన్స్ నడిపినవాడు, సౌత్ కరోలినా కూడా ఆయన వెంట పడుతోంది. పేరు చేతిలో ఉంచుకుని తీసేశారు. 2021, 2022 టైటిళ్లు. మీ పెడర్సన్ బిల్ క్యాలహాన్‌ని తెచ్చేసరికి జనవరి 9, నలభై ఒక్క రోజులు. తప్పు 9-3 కోచ్‌ని తీసేయడంలో లేదు. ఎవరొస్తారో తెలియకుండా తీసేయడంలో ఉంది.

హూజియర్_కిట్టు:
ఇండియానా కూడా అంతే. 2023లో కోచ్ టామ్ అలెన్‌ని పంపిన కొద్ది రోజులకే కర్ట్ సిగ్నెట్టిని తెచ్చారు. ఆయన వెంట పాత కాలేజీ జేమ్స్ మాడిసన్ నుంచి 13 మంది ఆటగాళ్లు వచ్చారు. 2024లో 11-2, 2025లో ఒహాయో స్టేట్‌ని 13-10తో ఓడించి తమ కాన్ఫరెన్స్ బిగ్ టెన్ టైటిల్.

వాణి_ఆబర్న్:
ఇండియానా అప్పుడు 3-9 అండీ. 9-3 కాదు.

ఒప్పందాల_శర్మ:
వంశీ గారూ, ఇంకో మాట. ఫిషర్‌ని 2017లో ఏ అండ్ ఎంకి తెచ్చిన డైరెక్టర్ స్కాట్ వుడ్‌వార్డ్. 2021లో ఎల్ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) బ్రయన్ కెల్లీని పదేళ్లకి 9.5 కోట్లతో తెచ్చిందీ ఆయనే. 2025 అక్టోబర్‌లో కెల్లీని తీసేసినప్పుడు బయ్‌అవుట్ 5 కోట్లు దాటింది, అదే వారంలో వుడ్‌వార్డ్ కూడా వెళ్లిపోయారు. కోచ్ తర్వాత ఎవరు అని అడిగే ముందు, ఆ కోచ్‌ని ఎంచేది ఎవరు అని అడగాలి.

లింకన్_రెడ్:
శర్మ గారి మాట ఒప్పుకుంటా. వంశీ గారి ఏడు రోజుల లెక్క మాత్రం ఒప్పుకోను. బో పెలీని నెబ్రాస్కాలో ఏడేళ్లూ ఏటా తొమ్మిదో పదో గెలిచాడు. 2014లో మళ్లీ 9-3, నవంబర్ 30న తీసేశారు. మైక్ రైలీని డిసెంబర్ 4న ప్రకటించారు. నాలుగే రోజులు, అంటే పేరు చేతిలో ఉన్నట్టే. రైలీ మూడేళ్లలో 19-19.