జెడ్ఎఫ్, జీబీ: రెండింటి బలం ఒకటేనా?

బెంజిసర్కిల్ (విజయవాడ):
మొన్న స్టాఫ్‌రూములో మొదలైన పేచీ ఇది, ఇక్కడైనా తేల్చండి. జెడ్ఎఫ్ (జెర్మెలో, ఫ్రాంకెల్‌ల) సమితి సిద్ధాంతానికి క్లాసుల్ని, అంటే సమితులు కాలేనంత పెద్దవి కూడా ఉండే గుంపుల్ని, చేర్చితే వచ్చేది జీబీ, అంటే గోడెల్, బెర్నేస్‌ల సిద్ధాంతం. ఒకదాంట్లో వైరుధ్యం లేకపోతే రెండోదాంట్లోనూ లేదు. పైగా సమితుల గురించి రెండూ రుజువు చేసేవి అవే. ఇంకా తేడా ఉందంటే అది చాదస్తమే అంటాను.

బ్రాడీపేట (గుంటూరు):
చాదస్తం కాదండి. జీబీలో జెడ్ఎఫ్‌ను తర్జుమా చేయడం, అంటే ఒకదాని వాక్యాల్ని రెండోదాని భాషలోకి మార్చి అక్కడ రుజువయ్యేలా చేయడం, సులువే; జెడ్ఎఫ్‌లో జీబీని చేయలేం.

జీబీ ఆక్సియమ్స్ (రుజువు లేకుండా ఒప్పుకునే మూల సూత్రాలు) పరిమిత సంఖ్యలోనే ఉంటాయి. జెడ్ఎఫ్‌లోకి జీబీ తర్జుమా ఉందనుకుందాం. వాటిని నెగ్గించడానికి జెడ్ఎఫ్ ఆక్సియమ్స్‌లో పరిమిత సంఖ్యలో కొన్ని చాలు. అలా ఏ కొన్నింటినైనా తీసుకోండి, వాటిలో వైరుధ్యం లేదని జెడ్ఎఫ్ తానే రుజువు చేయగలదు. అప్పుడు జీబీలో వైరుధ్యం లేదనీ రుజువు చేసేస్తుంది. జీబీలోనే జెడ్ఎఫ్ ఉంది కాబట్టి, తనకు తానే సర్టిఫికెట్ ఇచ్చుకున్నట్టు! జెడ్ఎఫ్‌లో వైరుధ్యం లేకపోతే అది కుదరదని గోడెల్ 1931లోనే తేల్చాడు.

బెంజిసర్కిల్:
క్లాసు అంటే ఒక ఫార్ములా అనుకుంటే సరిపోదా మాస్టారూ? ఫార్ములాలకు నంబర్లిచ్చి పని కానిచ్చేయొచ్చు.

బ్రాడీపేట:
అందరం మొదట అదే ప్రయత్నిస్తాం. 'ఈ సమితి ఆ క్లాసులో ఉంది' అనాలంటే, ఆ నంబరున్న ఫార్ములా నిజమో కాదో జెడ్ఎఫ్ చెప్పగలగాలి. తన ఫార్ములాలన్నిటికీ సరిపడే సత్య నిర్వచనం దానికి ఉండదు, తర్కశాస్త్రవేత్త టార్‌స్కీ ఫలితం అదే. బయట నిలబడి ఒక మోడల్‌ను (ఆ ఆక్సియమ్స్ నిజమయ్యే ఒక నమూనా లోకాన్ని) చూస్తూ మాత్రం హాయిగా చెప్పొచ్చు. వైరుధ్యం సంగతి అందుకే తేలిపోయింది, తర్జుమా మాత్రం ఆగిపోయింది.

కృష్ణలంక (విజయవాడ):
తర్జుమా కుదిరితే ఏదో గొప్ప అన్నట్టు మాట్లాడకండి. పీఏకి, అంటే పియానో అంకగణితానికి, 'పీఏలో వైరుధ్యం ఉంది' అన్న వాక్యాన్ని కలపండి. ఆ తలతిక్క సిద్ధాంతాన్ని కూడా పీఏ తర్జుమా చేసుకుంటుందని తర్కశాస్త్రవేత్త ఫెఫర్‌మన్ 1960లో చూపించాడు. సంఖ్యల గురించి పచ్చి అబద్ధం చెప్పే దానికీ పీఏకీ మీ కొలతలో ఒకే మార్కులు!

బ్రాడీపేట:
నిజమే, అర్థం నిలబడుతుందని నేననలేదు. కానీ వైరుధ్యం ఉందా లేదా అన్న బెంజిసర్కిల్ గారి మొదటి కొలతలోనూ ఆ రెండూ సమానమే, కాబట్టి ఆ దెబ్బ ఇద్దరికీ తగిలింది. నా కొలత ఇంకాస్త సూక్ష్మం, అంతే.

బెంజిసర్కిల్:
సరే, జీబీ దగ్గర తగ్గాను. పీఏ, దానికి సంఖ్యల సమితుల్ని చేర్చిన ఏసీఏ-జీరోల సంగతీ ఇంతేనా?

బ్రాడీపేట:
అచ్చం ఇంతే. ఏసీఏ-జీరో ఆక్సియమ్స్ కూడా పరిమిత సంఖ్యలోనే ఉంటాయి, సంఖ్యల గురించి పీఏకి మించి కొత్తగా రుజువు చేసేదేమీ లేదు. అయినా పీఏ దాన్ని తర్జుమా చేసుకోలేదు.