ఎయిర్ పిస్టల్ గ్రిప్: ఎంసీల్ పెట్టాలా, చెక్కాలా?

నల్లచుక్క: 10 మీటర్ల ఎయిర్ పిస్టల్, మీడియం సైజు వాల్‌నట్ చెక్క గ్రిప్ (పిడి), కుడిచేతి వాటం. కళ్లు మూసుకుని చెయ్యెత్తి, తెరిచి చూస్తే ముందు సైట్ (గురి చూసే ముల్లు) ఎప్పుడూ వెనక సైట్ గాడిలో ఎడమకే ఉంటోంది. అరచేతి మధ్య ఖాళీ కూడా ఉంది. ఎంసీల్‌తో (రెండు ముద్దలు కలిపి పెట్టే పుట్టీ) నింపేయమంటారా?

ఆకురాయి: ముందు స్క్రూల సంగతి చూడండి. ఇప్పటి మ్యాచ్ పిస్టళ్లలో చాలావాటికి గ్రిప్‌ను కొంచెం వంచుకునే, పక్కకి తిప్పుకునే వీలుంటుంది. అప్పటికీ ఎడమకే లాగుతుంటే గ్రిప్ వెనక కుడి పక్క, మణికట్టు దగ్గరి అరచెయ్యి ఆనేచోట పలచగా పుట్టీ పెట్టండి. గ్రిప్ వెనక భాగం ఎడమకి జరిగి గొట్టం కుడికి తిరుగుతుంది. ఎక్కువైతే అక్కడే అరగదీసేయొచ్చు.

పిస్టల్ ఖాళీగా ఉందో లేదో చూసి, గాలి సిలిండర్ తీసి, గ్రిప్ విప్పండి. నూనె పీల్చిన చెక్కకి ఎంసీల్ పట్టదు, నెల తిరక్కుండా పెచ్చులా లేస్తుంది. 80 నంబరు సాండ్‌పేపర్‌తో గరుకు చేసి, థిన్నర్‌తో తుడిచి ఆరనివ్వండి. రెండు ముద్దలూ సమానంగా తీసుకుని చారలు పోయేదాకా పిసకాలి. చారలు మిగిలితే అక్కడ మెత్తగానే ఉండిపోతుంది. ఒక్కో పొర 2 మి.మీ. చాలు. పైన పలచటి ప్లాస్టిక్ పొర చుట్టి, గ్రిప్ బిగించి, మామూలుగా పట్టుకుని చెయ్యెత్తండి. అచ్చు బాగా పడాలని నొక్కారో, ఆ బిగింపు గ్రిప్‌లోనే ఉండిపోతుంది. రాత్రంతా వదిలేసి, మర్నాడు గ్రిప్ విప్పి ఆకురాయి పెట్టండి. వాల్‌నట్ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, మాస్కు తప్పదు.

స్థిరహస్తం: పైన చెప్పిందంతా సరే, ఆ ఖాళీని మాత్రం పూర్తిగా నింపకండి. చెయ్యి ఆనీ ఆననట్టుండాలి. అసలు ఎక్కువమందికి కావాల్సింది నింపడం కాదు, చూపుడు వేలి దగ్గర చెక్కడం. వేలు ట్రిగ్గర్‌ని తప్ప చెక్కని తాకకూడదు. తాకితే లాగేటప్పుడు గొట్టం కదులుతుంది. మధ్యలో కాగితం ముక్క దూరితే చాలు. పామ్ షెల్ఫ్‌ని (అరచెయ్యి అంచు కింద ఆనే పలక) కూడా బిగించేయకండి. మ్యాచ్ సగమయ్యేసరికి చెయ్యి కాస్త ఉబ్బుతుంది, వణుకు అక్కడే మొదలవుతుంది.

నల్లచుక్క: అర్థమైందండీ. పైన వార్నిష్ వేయొచ్చా?

ఆకురాయి: వద్దు, చెమటకి జారుతుంది. 120 నంబరు సాండ్‌పేపర్‌తో ఆపేయండి. అవిసె నూనె రాసినా ఒక్క పూతే. ఆ గుడ్డని ఉండ చుట్టి పడేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. పరిచి ఆరబెట్టండి.

నిబంధనల_గోల: ఎవరూ చెప్పలేదు గానీ, ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) కొలతపెట్టె, అంటే పిస్టల్ మొత్తం పట్టాల్సిన పెట్టె, 420 × 200 × 50 మి.మీ. పామ్ షెల్ఫ్ పక్కకి పెరిగితే ముందు దాటేది ఆ 50నే. షెల్ఫ్ గ్రిప్‌కి 90 డిగ్రీలకు తక్కువ కోణంలో ఉండకూడదు, అంచు పైకి వంగకూడదు. బొటనవేలు పైకి స్వేచ్ఛగా కదలాలి, చెయ్యిని చుట్టేసేది ఏదీ ఉండకూడదు. పుట్టీ బరువుతో సహా పిస్టల్ 1500 గ్రాములు దాటకూడదు. అరగదీసే ముందూ అరగదీశాకా కొలవండి.